అఫ్జల్‌గంజ్‌లో థియేటర్ అంటే సినిమా హాలు కాదు

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా దవాఖానాలో థియేటర్ అంటే బయట కూర్చున్నవాళ్లకు తెలిసింది ఒక తలుపు మాత్రమే. తలుపు పైన ఎర్రబల్బు, పక్కన అనుమతి లేనిదే లోపలికి రాకూడదన్న బోర్డు, ఎదురుగా నాలుగు ఇనుప కుర్చీలు. కుర్చీలు చాలనివాళ్లు గోడవారగా దుప్పటి పరుచుకుంటారు. ఒకరి ఒడిలో ఎక్స్‌రే కవరు, ఇంకొకరి చేతిలో రక్తం తెమ్మని రాసిచ్చిన చీటీ. లోపలికి వెళ్లిన మనిషి చెప్పులు ఒక చెల్లెలి సంచిలో ఉంటాయి. మెడలోంచి తీయించిన పుస్తెలతాడు కాగితంలో చుట్టి ఒక మొగుడి జేబులో ఉంటుంది, అతని చెయ్యి జేబు మీదినుంచి కదలదు. పచ్చగౌను తొడుక్కున్న మనిషి తలుపు తీస్తే చాలు, అందరూ ఒక్కసారి లేచి నిలబడతారు.

నల్లగొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చిన కుర్రాడు ఆ వరండాలోంచే ఊరికి ఫోన్ చేస్తాడు: ‘‘అమ్మా, అన్నను థేటర్లకు తీస్కపోయిన్రు. నువ్వు పరేషాన్ గాకు.’’ అవతల ఉన్న తల్లికి ఆ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. అదే కుర్రాడు వారం తర్వాత అన్నను ఇంటికి చేర్చి, దోస్తులతో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు వెళ్తూ ‘‘థేటర్ల ఉన్నం’’ అంటే అదీ ఎవరికైనా తెలుస్తుంది. ఇక ఈ మధ్య టీవీ వార్తల్లో ‘థియేటర్ కమాండ్’ అన్న మాట తరచూ వినబడుతోంది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళాలను ఒకే సేనాని కింద నిలబెట్టే ఏర్పాటుకు పెట్టిన పేరది. కత్తెర, సినిమా, ఫిరంగి... ఈ మూడింటికీ ఒకే మాట ఎలా కుదిరిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. ఆ దారి మధ్యలో మళ్లీ అఫ్జల్‌గంజే తగులుతుంది.

చూసే చోటు

గ్రీకులు ‘థియాట్రాన్’ అన్నది వేదికను కాదు. కొండవాలున మెట్లు మెట్లుగా మలిచి, జనం కూర్చుని చూడ్డానికి కట్టిన భాగాన్ని. ‘చూడ్డం’ అనే క్రియలోంచి పుట్టిన మాట అది. ఆడేవాళ్ల చోటుకు, వేషాలు మార్చుకునే చోటుకు వేరే పేర్లున్నాయి. లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అది మొత్తం కట్టడానికి పేరైంది. మరికొంత కాలానికి అక్కడ ఆడే కళకూ అదే పేరైంది.

మన నాట్యశాస్త్రంలోనూ దాదాపు ఇదే సంగతి. భరతుడు రెండో అధ్యాయంలో నాటకశాల కట్టే పద్ధతి చెబుతూ దానికి పెట్టిన పేరు ‘ప్రేక్షాగృహం’. ప్రేక్షకుడి చూపు నుంచి వచ్చిన పేరే. దీర్ఘచతురస్రంగా, చదరంగా, త్రికోణంగా మూడు తీర్ల ప్రేక్షాగృహాలు చెప్పి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఏ స్తంభం ఎక్కడ రావాలో కొలతలతో సహా వివరించాడు. నటుడికన్నా ముందు చూసేవాడికి చోటు చూపించడం రెండు సంప్రదాయాల్లోనూ కనిపిస్తుంది. థియేటర్ అనే మాట తర్వాత ఎన్ని వేషాలు కట్టినా ఈ మొదటి అర్థం పట్టుకుంటే చిక్కుముడి విడిపోతుంది. నలుగురూ చుట్టూ చేరి ఒక చోటికేసి చూడగలిగితే అది థియేటరే. ఆ చోట ఉన్నది రాజు వేషగాడా, శవమా అన్నది తర్వాతి మాట.

కోత చూడ్డానికి గుంపు

శవం అన్నది ఊరికే అనలేదు. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో 1595 నాటికి ఒక ‘అనాటమీ థియేటర్’ సిద్ధమైంది. కోడిగుడ్డు ఆకారంలో, ఒకదానిపై ఒకటిగా ఆరు వరసలు. అడుగున, నూతి అడుగులా ఇరుకైన చోట బల్ల. ఆ బల్ల మీద శవాన్ని కోస్తూ ఫాబ్రీషియస్ పాఠం చెబుతుంటే విద్యార్థులు చెక్క కటకటాల మీదుగా తొంగి చూసేవారు. ఆ కట్టడం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. శవం త్వరగా పాడవకుండా ఈ పాఠాలు చలికాలంలో పెట్టేవారు. బొలోన్యాలోనైతే అవి కార్నివాల్ పండగ రోజుల్లో పడేవి. వైద్యంతో సంబంధం లేని ఊరిజనం కూడా, కొందరు పండగ ముసుగులతోనే, వచ్చి చూసిపోయేవారు.

చనిపోయినవాళ్లను కోసే చోటికి పెట్టిన పేరే బతికున్నవాళ్లను కోసే చోటికీ వచ్చింది. లండన్‌లో సెయింట్ థామస్ ఆస్పత్రి పక్కనున్న చర్చి అటక మీద 1822లో కట్టిన ఆపరేషన్ థియేటర్ నేడు మ్యూజియం. మధ్యలో మామూలు చెక్కబల్ల, కింద నెత్తురు పీల్చుకోవడానికి రంపపు పొట్టు నింపిన పెట్టె, చుట్టూ గుర్రపునాడా ఆకారంలో విద్యార్థులు నిలబడే మెట్లు. అప్పటికి మత్తుమందు లేదు. రోగిని నలుగురు పట్టుకునేవారు. సర్జన్‌కు కావలసింది వేగం. ఆ రోజుల్లో పేరుమోసిన రాబర్ట్ లిస్టన్ తొడ దగ్గర కాలు తీసేయడానికి మూడు నిమిషాలు కూడా పట్టనిచ్చేవాడు కాదు.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ థియేటర్లోకి వచ్చే రోగులు బీదవాళ్లు. కలిగినవాళ్లకు ఆపరేషన్ ఇంట్లోనే, చాలాసార్లు వంటగది బల్ల మీదే జరిగిపోయేది. ధర్మాసుపత్రిలో ఉచితంగా వైద్యం పొందేవాళ్లు దానికి బదులుగా తమ బాధను పదిమంది కళ్లముందు పెట్టాల్సి వచ్చేది. వాళ్ల నుంచి టికెట్టు డబ్బులు వేరే రూపంలో వసూలైనట్టే.

1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో ఇలాంటి థియేటర్లోనే, గ్యాలరీ నిండా జనం చూస్తుండగా, ఈథర్ పీల్చిన రోగి మెడ మీది కణితిని కోశారు. రోగి అరవలేదు. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే లండన్‌లో లిస్టన్ కూడా ఈథర్‌తో కాలు తీశాడు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫామ్‌ను ముందుకు తెచ్చాడు. అక్కడి నుంచి అది ఓడలెక్కి మనదాకా వచ్చింది.

> అమెరికా గది, ఇంగ్లండ్ థియేటర్
> ఈథర్ పరీక్ష జరిగిన అమెరికాలో ఇప్పుడు ఎవరూ థియేటర్ అనరు, ‘ఆపరేటింగ్ రూమ్’ అంటారు. ఇంగ్లండ్‌లో మాత్రం థియేటర్ అనే మాటే నిలిచింది. వైద్యవిద్య మనకు ఇంగ్లండ్ నుంచి వచ్చింది కాబట్టి మనదీ థియేటరే. థియేటర్ సిస్టర్, థియేటర్ అసిస్టెంట్ అనే ఉద్యోగాల పేర్లూ ఆ వరసలోనివే. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు డాక్టర్ సెలవులకు ఇంటికొచ్చి ‘ఓఆర్’ అంటుంటే, ఇక్కడి డాక్టర్ ‘ఓటీ’ అంటుంటాడు. ఇంట్లో పిల్లలు ‘ఓటీటీ’ అంటుంటారు. ఓటీకీ, ఓటీటీకీ అక్షరాల్లో తప్ప చుట్టరికం లేదు.

అఫ్జల్‌గంజ్ తగువు: నాడి చూడాలా, ఊపిరి చూడాలా?

మూసీ ఒడ్డున ఐదో నిజాం అఫ్జల్-ఉద్-దౌలా ధాన్యం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలిసిన గంజ్‌కు ఆయన పేరే స్థిరపడింది. అక్కడే లేచిన సర్కారు ఆస్పత్రిని జనం అఫ్జల్‌గంజ్ దవాఖానా అన్నారు. హైదరాబాద్‌లో వైద్య పాఠశాల అంతకు ముందే, 1846లో, మొదలైంది. చదువు ఉర్దూలో సాగేది. ఆ పాఠశాలకూ ఆస్పత్రికీ పెద్దగా, రెసిడెన్సీ సర్జన్‌గా 1885లో వచ్చినవాడు ఎడ్వర్డ్ లారీ.

లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర చదువుకున్నాడు. గురువు నేర్పిన ఒక్క సూత్రాన్ని ఆయన జీవితాంతం వదల్లేదు. క్లోరోఫామ్ ఇచ్చేవాడి కన్ను రోగి ఊపిరి మీదే ఉండాలి. నాడి పట్టుకుని కూర్చుంటే ధ్యాస అటు పోతుంది, ఊపిరి ఆగే క్షణం తప్పిపోతుంది. లండన్ డాక్టర్లది వేరే మాట. క్లోరోఫామ్‌తో రోగులు ఉన్నట్టుండి చచ్చిపోతున్నారు, గుండె ఆగడమే కారణం, కాబట్టి నాడి చూడాలి అని వాళ్ల వాదం. ఇది చదివేవాడికి పండితుల తగువులా అనిపించవచ్చు. కానీ ఆనాటి థియేటర్లో మత్తిచ్చేది చాలాచోట్ల ఒక కుర్ర విద్యార్థి. అతని కన్ను ఎక్కడుండాలన్నది బల్ల మీది మనిషి ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

లారీ చొరవతో 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ కూర్చుంది. వందకు పైగా కుక్కలకు క్లోరోఫామ్ ఇచ్చి చూశారు. ముందు ఊపిరి ఆగుతోంది, ఆ తర్వాతే గుండె ఆగుతోంది అని తేల్చారు. మరుసటి ఏడాది కన్నాట్ డచెస్ వైద్య పాఠశాల విద్యార్థులకు బహుమతులిచ్చే సభలో లారీ ఈ సంగతి గట్టిగా చెప్పాడు. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ దాన్ని తేలిగ్గా కొట్టిపారేసింది. లారీ ఊరుకునే రకం కాదు. నిజాం సర్కారును ఒప్పించాడు. మహబూబ్ అలీ ఖాన్ పాలన, ప్రధానిగా ఆస్మాన్ జా ఉన్న రోజులవి. లాన్సెట్ తనకు నచ్చిన నిపుణుణ్ని పంపుకోవచ్చు, ఖర్చు మాది అంటూ హైదరాబాద్ 1000 పౌండ్లు ఇచ్చింది. వలస దేశపు సంస్థానం ఒకటి లండన్ పత్రికను ‘వచ్చి నీ కళ్లతో చూడు’ అని పిలిచిన సందర్భం చరిత్రలో అంత తేలిగ్గా దొరకదు.

లాన్సెట్ పంపింది లాడర్ బ్రంటన్‌ను. గుండె జబ్బుల మందుల్లో ఆనాటికి పెద్ద పేరు. నగరానికి వచ్చేనాటికి ఆయనా లండన్ పక్షమే. బొమ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీం అనే డాక్టర్లు కమిషన్‌లో తోడున్నారు. 1889 చివరి నెలల్లో కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు... వందల జంతువుల మీద ప్రయోగాలు సాగాయి. తిరిగే డ్రమ్ము మీది కాగితంపై రక్తపోటు గీతలు వాటంతట అవే పడే యంత్రాలు వాడారు. చివరికి బ్రంటన్ మాట మార్చుకున్నాడు. ఊపిరే ముందు ఆగుతుందన్న లారీ పక్షానికి వచ్చి, నివేదికను 1890లో లాన్సెట్‌లోనే అచ్చు వేయించాడు.

ప్రపంచంలో తొలిసారి క్లోరోఫామ్ ఇచ్చింది ఈ దవాఖానాలోనే అని నగరంలో కొందరు చెప్పుకుంటారు. అది నిజం కాదు, హైదరాబాద్‌కు ఆ అబద్ధపు గొప్ప అవసరమూ లేదు. క్లోరోఫామ్ మీద ప్రపంచమంతా తలపట్టుకున్న ప్రశ్నకు జవాబు వెతకడానికి డబ్బు, చోటు, మనుషుల్ని ఇచ్చింది ఈ ఊరు. ఆ జవాబు సగమే సరైనదని తర్వాత తేలింది. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ అసలు సంగతి బయటపెట్టాడు. క్లోరోఫామ్ చాలీచాలకుండా ఇచ్చినప్పుడు, భయంతోనో నొప్పితోనో ఒంట్లో అడ్రినలిన్ ఊరితే, గుండె లయతప్పి కొట్టుకుని ఒక్కసారిగా ఆగిపోతుంది. అంటే లండన్ డాక్టర్ల భయమూ ఉత్తది కాదు. నేటి థియేటర్లో మత్తు డాక్టర్ ముందుండే మానిటర్ మీద గుండె గీత ఒకటి, ఊపిరి గీత ఒకటి పక్కపక్కనే పరుగెడుతుంటాయి.

> రూపాబాయి చేతి రుమాలు
> లారీ హయాంలో, 1885లో, వైద్య పాఠశాల ఆడపిల్లల్ని చేర్చుకుంది. ఆ ఏడాది చేరిన పార్సీ అమ్మాయి రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో చదువు ముగించింది. క్లోరోఫామ్ ఇవ్వడంలో ఆరితేరి, ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరు తెచ్చుకుంది. ఆ తరం మత్తు సామగ్రి చాలా చిన్నది: మడిచిన గుడ్డ, సీసా, రోగి రొమ్ము పైకీ కిందికీ కదలడం చూస్తూ ఉండే ఓపిక. పరదా చాటున బతికే స్త్రీలు మగ విద్యార్థులు నిండిన గ్యాలరీ ముందు పడుకోవడానికి ఒప్పుకోరు కాబట్టి, లేడీ డాక్టర్ ఉండటం ఒక్కోసారి ఆపరేషన్ జరగడానికీ జరగకపోవడానికీ మధ్య తేడా.

వరద తర్వాత

ఇంతటి తగువు నడిచిన ఆ కట్టడం ఇప్పుడు లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఒడ్డున ఉన్నదంతా ఊడ్చుకుపోయినప్పుడు అఫ్జల్‌గంజ్ దవాఖానా కూడా పోయింది. ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు దగ్గర ఏటా వరద మృతుల్ని తలుచుకునే ఆనవాయితీ ఉంది. తర్వాత ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, విన్సెంట్ ఈష్ గీసిన నమూనాతో, గుమ్మటాలూ ఛత్రీలూ ఉన్న కొత్త ఆస్పత్రి 1925 నాటికి లేచింది. నదికి ఆవలి ఒడ్డున ఉన్న హైకోర్టు నమూనా కూడా ఈష్‌దే.

దాదాపు వందేళ్లు ఆ భవనం పేదల పెద్దాసుపత్రిగా నిలిచింది. 2020 జులైలో కుండపోత వానలకు మురుగునీళ్లు వార్డుల్లోకి వచ్చాయి. మంచాల కింద నీళ్లు పారుతున్న దృశ్యాలు దేశమంతా చూసింది. అదే నెలలో పాత భవనాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు. రోగుల్ని, థియేటర్లను ఆవరణలోని మిగతా భవనాల్లోకి సర్దారు. పాతదాన్ని కూల్చాలా, కాపాడాలా అన్న పేచీ కోర్టుల దాకా వెళ్లింది. చివరికి 2000 పడకల కొత్త ఉస్మానియాకు దగ్గరలోని గోషామహల్‌లో 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. గోషా అంటే దక్కనీలో పరదా. కుతుబ్‌షాహీల కాలంలో రాణివాసపు స్త్రీలు పరాయి కంట పడకుండా ఉండటానికి కట్టిన మహలు వల్ల ఆ పేటకు ఆ పేరు. ఎవరూ చూడకూడని చోటికే ‘చూసే చోటు’ తరలిపోతోందన్నమాట. నేటి ఆపరేషన్ థియేటర్లోకి బయటివాళ్ల చూపు పడే వీలు ఎలాగూ లేదు కనుక పేరు కుదిరిందనే అనుకోవాలి.

గ్యాలరీని ఖాళీ చేయించినది

అంతమంది చూపరులు ఏమయ్యారు? వాళ్లను బయటికి పంపింది మొహమాటం కాదు, సూక్ష్మజీవి. గాయాలు కుళ్లడానికి కంటికి కనిపించని క్రిములే కారణమని నమ్మిన జోసెఫ్ లిస్టర్ 1867లో కార్బాలిక్ యాసిడ్‌తో గాయాలు కడిగే పద్ధతిని ప్రకటించాడు. అప్పటిదాకా నెత్తురు మరకల కోటు సర్జన్ అనుభవానికి గుర్తు. తర్వాత అది ప్రమాదానికి గుర్తు. 1890 ప్రాంతంలో రబ్బరు తొడుగులు, ఆ దశాబ్దం చివర ముఖానికి గుడ్డ వచ్చాయి.

ఈ మార్పును ఫిలడెల్ఫియా చిత్రకారుడు థామస్ ఈకిన్స్ వేసిన రెండు పెద్ద బొమ్మల్లో చూడవచ్చు. 1875 నాటి బొమ్మలో డాక్టర్ గ్రాస్ నల్లకోటుతో, నెత్తురంటిన వట్టి చేత్తో నిలబడి పాఠం చెబుతుంటాడు. వెనక చీకట్లో విద్యార్థుల వరసలు. రోగి తరఫు స్త్రీ ఒకామె పక్కనే కూర్చుని చేతులతో ముఖం కప్పుకుంటుంది. 1889 నాటి బొమ్మలో, సరిగ్గా హైదరాబాద్‌లో రెండో కమిషన్ కూర్చున్న ఏడాది, డాక్టర్ ఆగ్న్యూ బృందమంతా తెల్లబట్టల్లో ఉంది. రోగి బంధువు జాడ లేదు. పద్నాలుగేళ్ల తేడాతో బంధువు వరండాలోకి వెళ్లిపోయినట్టుంది. విద్యార్థులు ఇంకా గ్యాలరీలోనే ఉన్నారు. కొంతకాలానికి వాళ్లకూ గాజు అడ్డం వచ్చింది, ఆ తర్వాత గ్యాలరీ కట్టడమే మానేశారు.

ఇప్పుడు ఆపరేషన్ థియేటర్ అంటే బయటి గాలి కూడా వడపోసుకుని రావాల్సిన గది. చెప్పులు మార్చుకోవాలి, జుట్టు కప్పుకోవాలి, మోచేతుల దాకా కడుక్కోవాలి. అవసరం లేని మనిషి ఒక్కరు లోపలున్నా సిస్టర్ గద్దిస్తుంది. చూడ్డం మాత్రం ఆగలేదు. పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి కెమెరా దూర్చే ల్యాప్రోస్కోపీలో సర్జన్ కూడా రోగికేసి కాక టీవీ తెరకేసి చూస్తాడు. సదస్సుల్లో ఒక ఊళ్లో జరిగే ఆపరేషన్‌ను మరో ఊళ్లోని ఆడిటోరియంలో వందలమంది డాక్టర్లు కూర్చుని అదే క్షణంలో చూస్తారు. గ్యాలరీ గోడ దాటి అక్కడికి చేరింది.

తెలుగువాడి థియేటర్

తెలుగులో నాటకాలు ఆడించడం 1880ల్లో ఊపందుకుంది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం విద్యార్థులచేత నాటకం ఆడించాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబం కీచకవధ ఆడి తరతరాల సురభి నాటకానికి నాంది పలికింది. ఈ నాటకాలు ఆడింది పాకల్లో, డేరాల్లో, తాత్కాలికంగా వేసిన పందిళ్లలో. వాటిని ఎవరూ థియేటర్ అనలేదు. ‘నాటకశాల’ అనే మాట ఉంది గానీ, పాత తెలుగులో దానికి ఆటకత్తె అనే అర్థం కూడా ఉండటంతో పెద్దమనుషులకు కొంత ఇబ్బంది.

పక్కా గోడలతో, కుర్చీలతో, టికెట్టు కిటికీతో కూడిన కట్టడం తెలుగువాడికి అలవాటైంది సినిమాతోనే. మచిలీపట్నం మనిషి రఘుపతి వెంకయ్య 1914లో మద్రాసులో గెయిటీ కట్టాడు. ఆ నగరంలో భారతీయుడు సొంతంగా కట్టిన తొలి సినిమా హాలు అదే. 1921లో బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా కట్టాడు. మాటలు వచ్చాక టాకీసు అన్నారు, కొన్నాళ్లు హాలన్నారు, క్రమంగా థియేటర్ గెలిచింది. ఆ గెలుపు ఎంతటిదంటే, నాటకం వాళ్లకు ఆ మాట మిగల్లేదు. అందుకే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ‘థియేటర్ ఆర్ట్స్’ చదివే విద్యార్థి ఊళ్లో చుట్టాలకు తన చదువు గురించి చెప్పేటప్పుడు సినిమా హాలు నడపడం కాదని ముందే చెప్పుకోవాలి. నాటకం అని తెలుగులో చెప్పుకుందామన్నా చిక్కే. ‘నాటకాలాడుతున్నాడు’ అంటే మెచ్చుకోలుగా వినేవాళ్లు తక్కువ.

> రోజూ వాడే రంగస్థలం మాటలు
> నేపథ్యం: సంస్కృత నాటకంలో తెర వెనుక వేషం కట్టుకునే గది, ఆ వేషం. నేటి పత్రికల్లో ‘ఈ నేపథ్యంలో’ లేకుండా పేజీ నిండదు. వేషం గదిలో నిలబడి వార్త చెబుతున్నామని రాసేవాడికి గుర్తుండదు.
> భాగోతం: కృష్ణకథ ఆడే భాగవతం. వీధి భాగవతులు రాత్రంతా ఆడి మెప్పించిన ఆట పేరే, ‘వాడి భాగోతం బయటపడింది’ అన్నప్పుడు గుట్టు రట్టవడం అయింది.
> వంత: బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలబడి పలికేవాళ్ల పని. రాజకీయాల్లో వంత పాడేవాళ్లకు గుమ్మెటలు ఉండవు, అంతే.
> సూత్రధారి: నాటకాన్ని నడిపే పెద్ద. క్రైమ్ వార్తల్లో మాత్రం ఎప్పుడూ నిందితుల జాబితాలో మొదటివాడు.

థియేటర్‌కు తెలుగులో నిజంగా సాటి వచ్చే మాట ‘రంగం’. ఆట ఆడే చోటు, యుద్ధం చేసే చోటు, ఏదైనా పని జరిగే మేర... మూడింటికీ అదే. రంగస్థలం, రణరంగం, విద్యారంగం, వైద్యరంగం. ఎన్నికల్లో అభ్యర్థి దిగేదీ రంగంలోకే. జంటనగరాల్లో దీనికి మరో అర్థం కూడా ఉంది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు ‘రంగం’ జరుగుతుంది. పచ్చికుండ మీద నిలబడిన జోగిని అమ్మవారు పూనగా వానల గురించి, పంటల గురించి, రోగాల గురించి పలుకుతుంది. చుట్టూ మంత్రులు, పూజారులు, టీవీ కెమెరాలు, వెనక బారికేడ్ల దాకా జనం. ‘రంగం చూసొచ్చినం’ అంటారే తప్ప రంగం విన్నామనడం అరుదు.

యుద్ధానికీ ఒక థియేటర్

యుద్ధానికి థియేటర్ అన్న పేరు యూరప్ సైనిక శాస్త్రంలో పాతదే. ప్రష్యా సేనాని క్లాస్‌విట్జ్ చనిపోయాక 1832లో అచ్చయిన ఆయన పుస్తకంలో యుద్ధ థియేటర్‌కు నిర్వచనం ఉంది. మొత్తం యుద్ధంలో భాగమే అయినా, సరిహద్దులుండి, మిగతా చోట్ల ఏం జరిగినా తనంతట తాను నడవగల ప్రాంతం అని దాని సారాంశం. సేనాని ఒక చోట నిలబడి పటం మీద ఒక్క చూపులో పట్టుకోగలిగిన మేర అనుకుంటే గ్రీకు అర్థానికి దూరం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో యూరప్ థియేటర్, పసిఫిక్ థియేటర్ అన్న మాటలు పత్రికల ద్వారా ఇంటింటికీ చేరాయి.

భారత సైన్యానికి, వైమానిక దళానికి ఏడేసి చొప్పున, నౌకాదళానికి మూడు కమాండ్లు ఉన్నాయి. మొత్తం 17, దేని దారి దానిది. ఒకే సరిహద్దును మూడు దళాలు మూడు వేర్వేరు ఊళ్ల నుంచి కాస్తున్నాయి. వీటిని కలిపి, ఒక్కో ప్రాంతానికి ఒక్క సేనాని ఉండేలా థియేటర్ కమాండ్లు పెట్టాలన్నది ఆలోచన. 2020 జనవరి 1న తొలి త్రిదళాధిపతిగా బిపిన్ రావత్ బాధ్యతలు తీసుకున్నప్పటి నుంచి దీని మీద కసరత్తు నడుస్తోంది. మూడు దళాల మనుషుల్ని ఒకే అధికారి క్రమశిక్షణ కిందికి తెచ్చే చట్టం 2023లో వచ్చింది. అండమాన్‌లో మూడు దళాల ఉమ్మడి కమాండ్ 2001 నుంచే ఉంది. వైమానిక దళం దగ్గర విమానాలే తక్కువ, వాటిని థియేటర్ల వారీగా పంచితే ఎలా అన్న అభ్యంతరం మొదటినుంచీ వినిపిస్తోంది.

ఆస్పత్రికీ సైన్యానికీ ఉమ్మడిగా ఉన్న మాట థియేటర్ ఒక్కటే కాదు, ‘ఆపరేషన్’ కూడా. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానంపైకి భారత సైన్యం వచ్చిన చర్యకు ‘ఆపరేషన్ పోలో’ అని పేరు. జనం నోట అది పోలీసు యాక్షన్‌గానే మిగిలింది. ‘ఆపరేషన్’ మాత్రం దవాఖానాకే అంటుకుపోయింది. తెలుగు పత్రికలు థియేటర్ కమాండ్‌ను ఉన్నదున్నట్టే తెలుగు లిపిలో రాసేస్తున్నాయి. ‘రంగ కమాండ్’ అంటే అర్థం సరిపోతుంది గానీ చదివేవాళ్లకు నాటక అకాడమీ గుర్తొస్తుంది. ‘యుద్ధరంగ కమాండ్’ అంటే యుద్ధం అప్పుడే మొదలైందనుకుంటారు. రాసే సబ్‌ఎడిటర్‌కు శీర్షికలో అన్ని అక్షరాల చోటూ దొరకదు. అందుకని థియేటర్ కమాండే ఖాయమైంది. సినిమా పేజీకీ, యుద్ధం పేజీకీ ఒకే మాట అచ్చులో నడుస్తోంది.